గోరు దిగని టైర్లు

ఖతార్‌లో నా ఉద్యోగం టైర్లకు కాపలా. కాగితం మీద దాన్ని స్టోర్‌కీపర్ అనేవారు. దోహా దాటి సల్వా రోడ్డు మీద పది నిమిషాలు పోతే ఎడమ చేతి వైపు రేకుల షెడ్డు, దాని వెనకే మా క్యాంపు. చమురు ధర పెరిగిన కాలం అది. దోహాలో తవ్వని వీధి లేదు. మా యజమాని లారీలు దుఖాన్ చమురు బావులకు పైపులు మోసేవి. తిరిగొచ్చేటప్పుడు ఖాళీగా, గడగడమంటూ వచ్చేవి. యజమానిని అందరం అర్బాబ్ అనేవాళ్ళం. పేరు పెట్టి పిలిచే అవసరం ఎవరికీ రాలేదు.

అంతకు ముందు ఏడేళ్ళు హైదరాబాదులో ఒక దినపత్రిక డెస్కు మీద పనిచేశాను. టెలిప్రింటర్‌లో వచ్చిన ఇంగ్లీషు వార్తను తెలుగు చేసి, చోటున్నంత మేర ఉంచి మిగతాది కొట్టేయడం నా పని. బస్సు లోయలో పడిందంటే ముందు ఎందరు పోయారని చూసేవాణ్ణి. దాన్నిబట్టి ఎన్ని పేరాలో తేలేది. ఆ పనిలో మనసుకు ఒక రకం తోలు పడుతుంది. ఖతార్‌కు ఆ తోలుతోనే వెళ్ళాను. అక్కడి ఎండకు అది ఇంకాస్త గట్టిపడింది. ఇంటి నుంచి ఉత్తరం వస్తే భోజనం అయ్యాక విప్పేవాణ్ణి. తొందరేముంది? అందులో ఉన్నది మంచైనా చెడైనా జరిగి పదిహేను రోజులు దాటి ఉండేది.

టైర్ల గురించి నాకు మొదటి పాఠం చెప్పినవాడు అర్బాబ్ ఇంటి డ్రైవర్. జగిత్యాల నుంచి వచ్చిన ముస్లిం. నాతో తెలుగు, మెకానిక్‌లతో దక్కనీ, అర్బాబ్‌తో అరబ్బీ మాట్లాడేవాడు. పేపరులో పనిచేసి వచ్చానని నన్ను అఖ్బార్ సాబ్ అనేవాడు. ఆ పిలుపులో సగం మర్యాద, సగం వెటకారం. నేను భాయ్ అనేవాణ్ణి.

షెడ్డులో నా మొదటి రోజున వచ్చి, "టైర్ల ఏం జూస్తరు అఖ్బార్ సాబ్?" అని అడిగాడు.

"సైజు," అన్నాను.

"సైజు చెప్పుల దుకాణంల జూస్కోండ్రి. ఇటు తేండ్రి ఏలు."

నా బొటనవేలు పట్టుకుని గోరును కొత్త టైరు మీద నొక్కాడు. గోరు దిగలేదు. "తీస్కో," అన్నాడు. పక్క టైరు మీద నొక్కాడు. కొద్దిగా దిగింది, అర్ధచంద్రంలా గీత పడింది. "వాపస్." అంతే పాఠం. ఎండాకాలంలో అక్కడి తారు రోడ్డు మీద మెత్తటి రబ్బరు నెల తిరక్కుండా పొరలు పొరలుగా ఊడిపోయేది. టైర్లు అరిగి పోయేవి కావు, ఉడికి పోయేవి. అందుకని డ్రైవర్లందరూ, బలూచీలైనా మలయాళీలైనా, గోటితోనే ఎంచేవారు. టైర్లు అమ్మే ఏజెంటు మనుషులు చేతులు కట్టుకుని నిలబడి మేం నొక్కడం అయ్యేదాకా చూసేవారు. ఆరు నెలలకు నా కుడి బొటనవేలి గోరు అంచున నల్లగీత స్థిరపడింది. ఎన్నిసార్లు కడిగినా పోలేదు.

మూడో ఏడు చలికాలం మొదట్లో అర్బాబ్ స్వయంగా షెడ్డుకు వచ్చాడు. వెంట డ్రైవర్. అర్బాబ్ తండ్రి వయసులో ఉండగా సముద్రంలో మునిగి ముత్యాలు తీసినవాడు. ఇప్పుడు మోకాళ్ళు బిగుసుకుపోయి మంచం దిగడమే కష్టంగా ఉంది. టర్కీ కొండల్లో ఎక్కడో వేడినీటి ఊట ఉందని, పది రోజులు అందులో కూర్చున్న తన బంధువు నడుచుకుంటూ వచ్చాడని, చలికాలంలోనే ఆ నీళ్ళకు గుణం ఎక్కువని ఎవరో చెప్పారు. కింది ఊరి నుంచి ఊట దాకా కొండదారి. మంచు పడితే అక్కడి టాక్సీలు ఎక్కవు. అందుకని మన జీపే పోతుంది అన్నాడు అర్బాబ్. డ్రైవర్ రోడ్డు మీద సౌదీ, జోర్డాన్, సిరియా దాటి ఎనిమిది రోజుల్లో చేరతాడు. తండ్రీ కొడుకులు విమానంలో వెళ్ళి అక్కడ కలుస్తారు.

"మంచుకు వేసే టైర్లు ఏజెంటు రెండు రకాలు తెప్పించాడు. మీ ఇద్దరూ చూసి ఒకటి బిగించండి," అన్నాడు. తర్వాత డ్రైవర్ భుజం మీద చెయ్యి వేసి అరబ్బీలో మెల్లగా ఇంకేదో అన్నాడు. డ్రైవర్ ముఖం ఒక్కసారి విప్పారింది.

అర్బాబ్ కారెక్కి వెళ్ళాక అడిగాను, ఏమన్నాడని.

"వాండ్ల బాపును మంచిగ తీస్కపోయి మంచిగ తెస్తే తమ్మునికి వీసా ఇస్తన్నడు."

తమ్ముడి సంగతి క్యాంపులో అందరికీ తెలుసు. జగిత్యాల బస్టాండు పక్కన సైకిళ్ళకు పంక్చర్లు వేసేవాడు. దుబాయి పంపిస్తానన్న ఏజెంటును నమ్మి బొంబాయి పోయి, నాలుగు నెలలు అక్కడ ఒక మసీదు అరుగు మీద పడుకుని తిరిగొచ్చాడు. ఆనాటి నుంచి బజారులో తల ఎత్తడం లేదని, షాపు తెరవడం కూడా మానేశాడని ఉత్తరాలు వచ్చేవి. భాయ్ రెండేళ్ళుగా అర్బాబ్ దగ్గర ఆ ఒక్క మాట కోసమే చూస్తున్నాడు. ఏడాదికోసారి వచ్చే సెలవును కూడా అందుకే వదులుకున్నాడు.

టైర్లు మర్నాడు వచ్చాయి. ఒక్కో రకం అయిదు, స్టెప్నీతో కలిపి. మొదటి రకానికి లోతైన కాలువలు, పిడికిలంత గట్లు. చూస్తేనే బలమైనవని తెలిసిపోయేది. రెండో రకం గట్లు చిన్నవి, ప్రతి గట్టు మీదా సన్నగా, దగ్గర దగ్గరగా కోతలు.

"గిదేంది అఖ్బార్ సాబ్? ఎవడో బ్లేడుతోని కోసిండు."

"అయిదింటికీ ఉన్నాయి భాయ్."

"అయిదింటినీ కోసిండు. పనిలేనోడు." గోరు నొక్కాడు. బాగా దిగింది. నొక్కిన వేలు తీయకుండా నా వైపు చూశాడు. "ఇది టైరా, రొట్టెపిండా? ఇస్త్రీ చేసినట్టు రోడ్డుకు అంటుకపోతది."

"కానీ మంచుకు అన్నారు కదా."

"రెండూ మంచుకే అన్నరు. మంచెట్లుంటది? మీరు పేపర్ల రాసిన్రు గద."

రాశాను. ప్రతి చలికాలం శ్రీనగర్ నుంచి ఆ వార్త వచ్చేది, ప్రతిసారీ నేనే చేసేవాణ్ణి. "తెల్లగా ఉంటుంది. వాహనాలు ఆగిపోతాయి," అన్నాను.

"ఎందుకాగుతయి?"

"వార్తలో అంతవరకే ఉండేది."

భాయ్ పకపకా నవ్వాడు. "ఏడేండ్లు రాసి ఇది గూడ అడగలేదా? మీకు జీతమెవడిచ్చిండు?"

షెడ్డు మొత్తంలో మంచు చూసినవాడు ఒక్కడే, టైర్లు బిగించే ముసలి పఠాన్. అతను సెలవు మీద కొండల్లోని తన ఊరికి వెళ్ళాడు. నాలుగైదు రోజుల్లో రావాలి. అతను వచ్చేదాకా ఆగుదామా అన్నాను. ఎల్లుండి పొద్దున బండి కదలాలె అన్నాడు భాయ్. వంటవాడైన మలయాళీ మా మాటలు విని, ఇదేం పెద్ద విషయం అని వంటింటి ఫ్రీజర్ గోడలకు కట్టిన మంచును గరిటెతో గీకి పళ్ళెం నిండా పట్టుకొచ్చాడు. పళ్ళేన్ని నేల మీద పెట్టి ముందు గట్టి టైరును, తర్వాత మెత్తటి టైరును దాని మీదుగా దొర్లించాం. రెండోసారికి పళ్ళెంలో సగం నీళ్ళే ఉన్నాయి. వంటవాడు వంగి చూసి, రెండూ ఒకటే అని తీర్పు చెప్పాడు.

"ఇసుక లెక్కనే ఉన్నది," అన్నాడు భాయ్, చల్లబడ్డ వేళ్ళను లుంగీకి తుడుచుకుంటూ. "మెత్తగ, జారుడుగ. కూరుకపోతే గాలి దించుత. దక్షిణం దిక్కు ఇసుక కొండలల్ల నన్ను మించినోడున్నడా?"

లేడు. అది నిజం. జీపులు కడుపు దాకా కూరుకుపోయిన చోట అతను నాలుగు చక్రాలకూ గాలి తీసి, తలుపు తెరిచి బయటికి వంగి చూస్తూ, ఎవరూ తొయ్యకుండా బయటికి తెచ్చేవాడు.

"ఏది పెడదాం?" అన్నాను.

మళ్ళీ గట్టి టైరు మీద గోరు నొక్కాడు. నన్నూ నొక్కమన్నాడు. నా గోరూ దిగలేదు. "తీస్కో," అన్నాను నేను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

బండి కదిలిన మూడో రోజున పఠాన్ వచ్చాడు. అందరికీ తలా గుప్పెడు వాల్‌నట్లు పంచి, చొక్కా మార్చుకుని పనిలోకి దిగాడు. వాపసు పంపాల్సిన అయిదు టైర్లు మూలన ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. వాటి దగ్గర ఆగాడు. వేలితో నొక్కాడు. గొంతుక్కూర్చుని కోతల్లో గోరు పెట్టి గీశాడు.

"యే ఇధర్ కైసే?" అని అడిగాడు. ఇవి ఇక్కడెందుకున్నాయని.

చెప్పాను. ఆ ముసలాయన తన ఉర్దూలో నాకు నెమ్మదిగా వివరించాడు. మా కొండల్లో డ్రైవర్లు ఇలాంటివి దొరికితే కళ్ళకద్దుకుంటారు. చలికి రబ్బరు బిగుస్తుంది. ఇక్కడ గట్టిగా ఉన్నది అక్కడ రాయి అవుతుంది, రాయి మంచు మీద నిలవదు. ఇది అక్కడ కూడా మెత్తగా ఉంటుంది. ఈ కోతలున్నాయే, ఇవి పళ్ళు, మంచును కరిచి పట్టుకుంటాయి. పైగా చక్రాలకు గొలుసులు కట్టాలి. గొలుసులు తీసుకెళ్ళాడా?

"లేదు," అన్నాను.

"కిస్‌కీ అకల్ థీ?" ఎవరి తెలివి ఇది అన్నాడు.

"మా ఇద్దరిదీ."

నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆగి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

జీపు అప్పటికి జోర్డాన్‌లో ఎక్కడో ఉండాలి. కానీ అర్బాబ్ ఇంకా దోహాలోనే ఉన్నాడు, విమానానికి నాలుగు రోజుల గడువుంది. చెబితే చాలు. ఆ టైర్లను విమానంలో వేయించేవాడో, అక్కడే వేరేవి కొనేవాడో, గొలుసులు కట్టించేవాడో. ఇదంతా ఇప్పుడు రాస్తుంటే వరసగా తోస్తోంది. ఆ రోజు నేను షెడ్డు గుమ్మంలో నిలబడి రోడ్డు మీద పోయే లారీలను చూశాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి పళ్ళెం కడిగి అన్నం పెట్టుకున్నాను. ఆ పూట సొరచేప కూర.

మర్నాడు అర్బాబ్ ఏదో పని మీద ఆ దారిన పోతూ షెడ్డు ముందు కారు ఆపాడు. దిగలేదు. అద్దం దించి, టైర్లు బాగున్నాయి కదా అని అరబ్బీలో అడిగాడు.

మా క్యాంపులో అర్బాబ్ ఏది అడిగినా జవాబు ఒక్కటే. తిండి ఎలా ఉంది, జ్వరం తగ్గిందా, నీళ్ళు వస్తున్నాయా, అన్నిటికీ జైన్. బాగుంది అని. క్యాంపులో దిగిన రోజునే పాతవాళ్ళు కొత్తవాళ్ళకు నేర్పే మొదటి అరబ్బీ మాట అది.

"జైన్, అర్బాబ్," అన్నాను.

అద్దం పైకి లేచింది. కారు వెళ్ళిపోయింది. చెబితే భాయ్‌కి వీసా మాట పోతుందని భయపడ్డానని రాస్తే ఇక్కడ నాకు కాస్త మర్యాదగా ఉంటుంది. కానీ అప్పుడు నాకు అలాంటి ఆలోచనేదీ రాలేదు. నోరు తెరిచాను, అలవాటైన మాట వచ్చింది. లోపల ఏదైనా కదిలిందా అని తర్వాత చాలాసార్లు వెతుక్కున్నాను. కారు ఇంజను మోత తప్ప ఏదీ గుర్తు లేదు.

అర్బాబ్, తండ్రి వెళ్ళిపోయారు. పఠాన్ రోజూ పొద్దున్నే టీ గ్లాసుతో వచ్చి "కోయీ ఖబర్?" అని అడిగేవాడు. "మాఫీ," అనేవాణ్ణి. ఏమీ లేదు అని. అతను టీ తాగేసి జాకీ అందుకునేవాడు. రెండు వారాలు అలాగే గడిచాయి.

ముగ్గురూ ఒకే విమానంలో తిరిగొచ్చారు. అర్బాబ్ తండ్రి కుడి మణికట్టుకు కట్టు. భాయ్ కుడి కాలు ఈడుస్తూ నడిచాడు. జీపు ముందుభాగం నలిగి అక్కడే ఒక గ్యారేజీలో ఉండిపోయింది. వచ్చిన రెండో రోజున అర్బాబ్ భాయ్‌ని పిలిచి, శుక్రవారం ఇండియాకు టికెట్ చేతిలో పెట్టాడు. తిట్టలేదు. మా నాన్న నీ పక్కన కూర్చుని ఉన్నాడు అని మాత్రం అన్నాడట.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక ఎయిర్‌పోర్టుకు కంపెనీ కారు రావాలి. దానికోసం భాయ్ సూట్‌కేసుతో షెడ్డుకు వచ్చాడు. కూర్చోవడానికి చోటు వెతికి, మూలనున్న ఆ అయిదు టైర్ల మీదే కూర్చున్నాడు. ఏజెంటు ఇంకా వాటిని తీసుకెళ్ళలేదు.

"పోయేటప్పుడు ఏం కాలే అఖ్బార్ సాబ్," అన్నాడు. "ఎక్కినం. కొత్త మంచు, ఇసుక లెక్కనే. గాలి దించిన, మంచిగ ఎక్కింది. బాపు తొమ్మిది దినాలు నీళ్ళల్ల కూసున్నడు. నడిసిండు గూడ, నా చెయ్యి పట్టుకోని. పదో దినం పొద్దున దిగాలె. రాతిరంత చలి. ఎసొంటి చలి! బండి కాడికి పోయి టైరు మీద గోరు నొక్కిన. అస్సలు దిగలే. ఇంక గట్టిగైనయి, మంచిదే అనుకున్న." నవ్వాడు. "అండ్ల నా గోరేదో టైరేదో నాకే తెల్వలే. ఏలుకు ఏం తెలుస్తలేదు. మొద్దుబారిపోయింది."

"తర్వాత?"

"తర్వాతేముంది. మలుపుల బ్రేకేసిన. బండి ఆగలే. చక్రాలు ఆగినయి, బండి ఆగలే. ఒక దిక్కు లోయ. నేను కొండ దిక్కు తిప్పి గుద్దిన. బాపు ముందటికి వడ్డడు. లోయ దిక్కు పోలే. గంతే నేను చేసింది."

అతను కాలు చాపి, చేత్తో మోకాలు రాసుకున్నాడు.

"మనం మంచి టైర్లే పెట్టినం గద?"

అప్పుడు చెప్పాను. పఠాన్ చెప్పింది, కోతల సంగతి, రబ్బరు సంగతి, అర్బాబ్ కారు ఆపి అడగడం, నేను జైన్ అనడం, అన్నీ వరసగా. డెస్కు మీద వార్త చదివినట్టే చెప్పాను. నా గొంతు మారలేదు. అది నాకే వినిపించింది.

భాయ్ తను కూర్చున్న టైర్ల వైపు వంగి చూశాడు. వేలు పెట్టి నొక్కాడు. గోరు దిగింది. ఆ గీత మానేదాకా చూస్తున్నట్టు చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనిపించలేదు.

"అర్బాబ్‌కు చెప్పిన్రా?"

"లేదు. ఇప్పుడు వెళ్ళి చెబుతాను. తప్పు నీది కాదని చెబుతాను."

"వద్దు." చెయ్యి అడ్డం పెట్టాడు. "చెప్పకుండ్రి. తమ్ముని వీసా మాట అర్బాబ్ ఇంక తియ్యలే. ఇస్తననలే, ఇయ్యననలే. మీరు వోయి టైర్లన్నరనుకో, వీండ్లకు టైర్ల సంగతే తెల్వదు, వీని తమ్మునికేం తెలుస్తదంటడు. ఇప్పుడైతే మంచుల జారింది, అల్లా దయ, బాపు బతికిండు. అట్లనే ఉండనియ్యి."

కారు హారన్ మోగింది. సూట్‌కేసు నేను మోశాను. కారెక్కుతూ, "యల్లా, అఖ్బార్ సాబ్," అన్నాడు, ఇక వెళ్తానన్నట్టు. మరి కనపడలేదు. ఉత్తరం రాయలేదు, నేనూ రాయలేదు. జగిత్యాల బస్టాండు పక్కన తమ్ముడి సైకిల్ షాపు ఇప్పుడతనే తెరుస్తున్నాడని తర్వాత తెలిసింది.

ఎండలు ముదరక ముందే తమ్ముడి వీసా వచ్చింది. అర్బాబ్ చెప్పింది తండ్రి క్షేమంగా తిరిగొస్తే అని. తిరిగొచ్చాడు, మణికట్టు కూడా అతుక్కుంది. మాట మాటే అనుకుని ఉంటాడు. లేదా ఆ ముసలాయనే తొమ్మిది రోజులు పట్టుకున్న చెయ్యిని గుర్తుపెట్టుకుని చెప్పి ఉంటాడు. నేను అడగలేదు, ఏడేళ్ళు పేపరులో పనిచేసి కూడా.

జీపు బాగై లారీ మీద తిరిగొచ్చింది. దానికి ఇంకా ఆ గట్టి టైర్లే ఉన్నాయి. దోహా రోడ్ల మీద అవి చక్కగా నడిచాయి, ఆ ఎండాకాలమంతా గీత పడలేదు. మూలనున్న అయిదూ జూలైకి మెత్తబడి, కిందిది పై బరువుకు అణిగి, గుండ్రదనం పోగొట్టుకున్నాయి. ఏజెంటు వచ్చి చూసి, ఇవి ఇక పనికిరావు, మీరే ఉంచుకోండి అన్నాడు. పఠాన్ పారేయనా అని అడిగాడు. ఉండనీ అన్నాను.

తమ్ముడిని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చింది నేనే. అన్నకంటే పొడుగు, మాట తక్కువ. బండి తోలడం అన్న దగ్గరే నేర్చాడట, లైసెన్సు రాగానే జీపు అతనికే ఇచ్చారు. మర్నాడు పొద్దున షెడ్డు ముందు ఆపి, దిగి, నాలుగు చక్రాల చుట్టూ తిరిగి, ఒక్కోదాని మీద బొటనవేలి గోరు నొక్కుతూ వచ్చాడు. స్టెప్నీని కూడా వదల్లేదు.

"అన్న చెప్పిండు," అన్నాడు, నేను చూస్తున్నానని గమనించి. "గోరు దిగొద్దట."

"అవును," అన్నాను. "ఇక్కడ అంతే."